ఫిల్మ్ నుంచి డిజిటల్‌కి మారాలా? ఒక ప్రశ్నలో దాగిన నాలుగు ప్రశ్నలు

ఇంట్లో పాత ఫిల్మ్ కెమెరా, యాషికానో, పెంటాక్స్ కె1000నో, ఫైన్ ఆర్ట్స్ కాలేజీ రోజుల్లో కొనుక్కున్న నికాన్ ఎఫ్ఎం10నో ఉన్నవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, ఫిల్మ్ మానేసి డిజిటల్‌కి వెళ్లిపోవాలా అని. వాళ్లకి దొరికే జవాబులు రెండే. ఫిల్మ్‌లో ప్రాణం ఉంటుంది, డిజిటల్‌లో ఉండదు అంటారు కొందరు. ఈ రోజుల్లో ఫిల్మ్ ఎవరు వాడుతున్నారు, డబ్బు దండగ అంటారు మిగతావాళ్లు. అడిగినవాళ్లు ఏం తీస్తారు, నెలకి ఎన్ని తీస్తారు, తీసినవి ఏం చేస్తారు అన్నది ఈ రెండు జవాబుల్లోనూ లేదు.

అసలు చిక్కు ప్రశ్నలోనే ఉంది. మారాలా వద్దా అన్న ఒక్క మాటలో నాలుగు విషయాలు కలిసిపోయాయి. వెలుగుని దేని మీద పట్టుకుంటాం? తీసినవాటిలోంచి మంచివాటిని ఎలా ఏరుకుంటాం? కాగితం మీదికి ఎలా తెస్తాం? ఎక్కడ దాస్తాం? నాలుగింటికీ ఒకే జవాబు ఉండి తీరాలని ఎక్కడా లేదు. విడివిడిగా అడిగితే చాలామందికి టెన్షన్ సగం తగ్గిపోతుందని నా నమ్మకం.

సెబాస్టియావ్ సల్గాడో చేసింది ఇదే. బ్రెజిల్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈ ఫొటోగ్రాఫర్ దశాబ్దాల పాటు నలుపు తెలుపు ఫిల్మ్ మీద పనిచేశారు. 2004లో, మనిషి తాకిడి పెద్దగా లేని ప్రాంతాల్ని ఫొటోలు తీసే పని మొదలుపెట్టారు. అది ఏళ్ల తరబడి సాగే పని. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి విమానాలు మారుతూ సంచుల కొద్దీ రోళ్లు మోయాలి. అప్పటికే విమానాశ్రయాల్లో తనిఖీలు బాగా పెరిగాయి. ఎక్స్‌రే యంత్రంలోంచి పదే పదే వెళ్లిన ఫిల్మ్ మసకబారుతుంది. ఆ బాధ పడలేక 2008లో ఆయన డిజిటల్ కెమెరా పట్టుకున్నారు.

అయితే కంప్యూటర్ తెర మీద ఫొటోలు ఎంచుకోవడం ఆయనకి కుదరలేదు. డిజిటల్ ఫైళ్ల నుంచే పాత పద్ధతిలో కాంటాక్ట్ షీట్లు (ఫ్రేములన్నీ చిన్న బొమ్మలుగా ఒకే కాగితం మీద వచ్చేవి) ప్రింటు వేయించుకుని, భూతద్దం పెట్టి చూసి ఏరుకునేవారు. ఎంచిన ఫొటోలకి తనకు అలవాటైన ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువుల తీరు, వచ్చేలా చేయించారు. ఆఖరికి ఆ ఫైళ్ల నుంచి మళ్లీ ఫిల్మ్ నెగటివ్‌లు తయారు చేయించారు. అంటే వెలుగు పట్టే సాధనం మారింది, ఏరే పద్ధతి మారలేదు, ప్రింటు తీరు మారలేదు, దాచే వస్తువూ మారలేదు. ఫిల్మ్‌ని ప్రేమించే మనిషి, తనకి ఎక్కడ కష్టం ఉందో అక్కడే మార్పు చేసుకున్నారు.

మన దేశపు ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ దారి వేరు. దాదాపు నలభై ఏళ్లు ఫిల్మ్ మీద పనిచేసిన ఆయన 2003లో ముంబైలో ఒక పత్రిక పనికి డిజిటల్ కెమెరా వాడారు. ఆ తర్వాత మళ్లీ ఫిల్మ్ వైపు వెళ్లలేకపోయానని ఆయనే చెప్పారు. ఇద్దరిలో ఎవరు సరి అని తేల్చనక్కర్లేదు. ఇద్దరికీ తమ పని ఏమిటో స్పష్టంగా తెలుసు, అంతే.

వెలుగు దగ్గర వచ్చే తేడా

మారినవాళ్లు ముందుగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి ఇది కాస్త వివరంగా చూడాలి.

ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో వెండి హాలైడ్ స్ఫటికాలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. పెద్దవి కొద్దిపాటి వెలుగుకే స్పందిస్తాయి, చిన్నవాటికి ఎక్కువ కావాలి. వెలుగు పెరిగేకొద్దీ ముందు పెద్దవి, ఆ తర్వాత చిన్నవి పనిలోకి వస్తాయి. అందువల్ల బాగా వెలుగున్న చోట కూడా వివరం ఒక్కసారిగా తెగిపోదు, మెల్లగా పల్చబడుతుంది. సెన్సర్ తీరు వేరు. ప్రతి పిక్సెల్ తన మీద పడిన వెలుగుకి తగినన్ని ఎలక్ట్రాన్లు పోగు చేస్తుంది. కుళాయి కింద పెట్టిన బిందె లాంటిదే అది: నిండేదాకా ప్రతి చుక్కకీ లెక్క ఉంటుంది, నిండాక ఎంత పడినా పొర్లిపోవడమే. పొర్లిన చోట ఫొటోలో తెల్ల మచ్చ మిగులుతుంది. అక్కడ వివరం లేదు. తర్వాత కంప్యూటర్లో ఎంత లాగినా రాదు.

దీంతో రెండింటి బలహీనతలూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. నెగటివ్ ఫిల్మ్‌కి వెలుగు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపవుతుంది) ఎక్కువ ఇచ్చినా మంచి ప్రింటు వస్తుంది. తక్కువ ఇస్తే నీడలో ఏమీ ఉండదు, నెగటివ్ ఆ భాగంలో ఖాళీగా కనిపిస్తుంది. డిజిటల్‌లో నీడని చాలావరకు పైకి తేవచ్చు, కాలిపోయిన తెలుపుని తేలేం. అనుమానం వచ్చినప్పుడు ఒక స్టాపు ఎక్కువే ఇవ్వడం నెగటివ్ మీద చెయ్యి తిరిగినవాళ్ల అలవాటు. ఫిల్మ్ మీద అది తెలివైన అలవాటు. డిజిటల్ మీద అదే అలవాటు ఫొటోని పాడు చేస్తుంది. నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లయిడ్ ఫిల్మ్ వాడినవాళ్లు మాత్రం తేలిగ్గా సర్దుకుంటారు. స్లయిడ్ కూడా ఎక్కువ వెలుగుని భరించదు కాబట్టి, తెలుపుని కాపాడుకోవడం వాళ్లకి ముందునుంచీ తెలుసు.

మన ఎండలో ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురం వైపు పొలంలో తెల్ల పంచె, తలపాగా కట్టుకున్న రైతుని తీస్తున్నామనుకోండి. ముఖం చామనఛాయ, తలపాగా నీడ కళ్ల మీద పడుతోంది, పంచె మీద ఎండ మెరుస్తోంది. నెగటివ్ ఫిల్మ్ అయితే ముఖం మీది వెలుగుని మీటర్లో చూసి నొక్కేయొచ్చు. పంచె మడతలు ప్రింటులో కొంచెం శ్రమ పడితే దొరుకుతాయి. డిజిటల్‌లో ముందు పంచె సంగతి చూడాలి. మడతలు చెడకుండా ఎక్స్‌పోజర్ పెట్టి, కెమెరా తన సవరణలేవీ చేయకుండా ఇచ్చే రా ఫైలు తీసుకుని, ముఖాన్ని తర్వాత వెలిగించాలి. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎలా ఉందో చూపే గ్రాఫు, కుడి అంచుకి గుద్దుకుంటోందా అని చూసుకోవడం వస్తే ఈ కష్టం చాలావరకు తీరుతుంది. ఫోన్లలో ఇది సమస్యగా కనిపించదు. నొక్కిన క్షణంలో అవి కొన్ని ఫ్రేములు తీసి ఒకటిగా కలిపేస్తాయి. ఫోన్ ఇంత బాగా తీస్తుంటే పెద్ద కెమెరా ఎందుకు ఇలా తీస్తోందని కొత్తగా మారినవాళ్లు బెంగపడటానికి కారణం అదే.

రాత్రి పూట డిజిటల్‌దే పైచేయి, ఇందులో వాదన లేదు. ఫిల్మ్‌లో రోలు మొత్తానికీ ఒకటే వేగం, అంటే వెలుగుకి స్పందించే గుణం. 400 స్పీడ్ రోలు వేసి తోలుబొమ్మలాట చూడటానికి వెళ్తే, తెర వెనక దీపం వెలుగులో షట్టర్ 1/30 సెకనుకి దిగిపోతుందనుకుందాం. బొమ్మ చెయ్యి ఊపితే ఫొటోలో చెయ్యి ఉండదు, మసక ఉంటుంది. డిజిటల్‌లో ఐఎస్‌ఓ (అదే వేగం కొలత) 3200కి తీసుకెళ్తే అదే వెలుగులో దాదాపు 1/250 దొరుకుతుంది. ట్రై-ఎక్స్, హెచ్‌పీ5 లాంటి నలుపు తెలుపు ఫిల్మ్‌లని 1600 దాకా పుష్ చేయొచ్చు (తక్కువ వెలుగులో తీసి ఎక్కువసేపు కడగొచ్చు) నిజమే, కానీ అప్పుడు నీడలు నల్లగా ముద్దయిపోతాయి. రంగుల సంగతీ ఇంతే. మామూలు కలర్ ఫిల్మ్ పగటి వెలుగు కోసం చేసింది. పాత ట్యూబ్‌లైట్ల కింద ముఖాలు ఆకుపచ్చగా, బల్బు కింద నారింజ రంగులో రావడం మన పెళ్లి ఆల్బమ్‌లు చూసినవాళ్లందరికీ తెలుసు. డిజిటల్‌లో వైట్ బ్యాలెన్స్‌ని (దీపం రంగుకి తగ్గట్టు రంగులు సరిచేసే అమరికని) ఫ్రేముకొక రకంగా మార్చుకోవచ్చు. బతుకమ్మ, జాతర, కల్యాణం, రాత్రి పూట జరిగే ఏ వేడుకైనా తీసేవాళ్లకి మారడానికి ఈ ఒక్క కారణం చాలు.

వివరం ఎంత దొరుకుతుందన్న పోటీ మీద నాకు అంత ఆసక్తి లేదు. 35 ఎంఎం ఫ్రేము 24 × 36 మిల్లీమీటర్లు. దాన్ని 4000 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 21 మెగాపిక్సెళ్ల ఫైలు వస్తుంది, అందులో కొంత వివరం, కొంత గ్రెయిన్. ఇప్పుడు అమ్మే కెమెరాల్లో చాలావరకు ఆ చుట్టుపక్కలో, అంతకు మించో ఉన్నాయి. ఇంట్లో గోడకి పెట్టుకునే సైజు ప్రింటు వరకు రెండూ సరిపోతాయి.

స్కాన్ చేయించిన ఫిల్మ్ సగం డిజిటలే

కలర్ ఫిల్మ్ వాడేవాళ్లలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఇవాళ ల్యాబుకి పంపిన కలర్ రోలు కడిగాక దాదాపు ఎక్కడైనా స్కానర్లోకే వెళ్తుంది. ప్రింటు కావాలన్నా ఆ స్కాన్ నుంచే లేజర్ యంత్రం వేస్తుంది. నెగటివ్‌లోంచి వెలుగుని నేరుగా కాగితం మీదికి పంపే ఎన్‌లార్జర్ పద్ధతి కలర్‌లో ఎప్పుడో తగ్గిపోయింది. మినీల్యాబులు డిజిటల్ యంత్రాలకు మారిన కాలంలోనే ఈ మార్పు జరిగింది, అప్పటికి మన చేతుల్లో ఇంకా ఫిల్మ్ కెమెరాలే ఉన్నాయి.

కలర్ నెగటివ్‌కి నారింజ రంగు పొర ఉంటుంది. దాన్ని తీసేసి, రంగుల్ని తిప్పి, ఇదీ సరైన రంగు అని తేల్చేది స్కానరూ దాని దగ్గర కూర్చున్న మనిషీ. ఒకే నెగటివ్‌ని రెండు ల్యాబులకి పంపి చూడండి, రెండు రకాల చర్మపు రంగులు వస్తాయి. ఫిల్మ్ రంగు అని మనం మురిసిపోయేదాంట్లో కొంత ఆ మనిషి అభిరుచి. కలర్ ఫిల్మ్ తీసి, స్కాన్ చేయించి, ఫోన్లోనే చూసుకునేవాళ్లు నాలుగు ప్రశ్నల్లో మూడింటికి ఇప్పటికే డిజిటల్ అని జవాబు చెప్పేశారు. ఫిల్మ్ మిగిలింది వెలుగు పట్టుకునే చోట మాత్రమే. ఆ ఒక్క మెట్టు మీద ఇష్టంతో అంత ఖర్చు పెట్టడం తప్పని నేననను. కానీ దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టాలి.

నలుపు తెలుపు ఫిల్మ్ కథ వేరే. ఇంట్లోనే కడుక్కుని, ఎన్‌లార్జర్ ఉంటే సొంతంగా ప్రింటు వేసుకుంటే, మొదటి నుంచి చివరి దాకా వెండే పని చేస్తుంది. మంచి ఫైబర్ కాగితం మీద వచ్చిన ఆ నలుపుని ఇంక్‌జెట్ ప్రింటుతో పోల్చి చూసినవాళ్లు అంత తేలిగ్గా మారలేరు. నాకూ దాని మీద పక్షపాతం ఉంది, దాచుకోను. డార్క్‌రూమ్ నడుస్తున్న ఇంట్లో మారమని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇంట్లో కడగడంలో మన వాతావరణం తెచ్చే చిక్కొకటి చెప్పాలి. నలుపు తెలుపు డెవలపర్లకి మామూలుగా చెప్పే వేడి 20 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు దానికి ఎంతో పైన ఉంటాయి. వేడి పెరిగితే డెవలపర్ వేగంగా పనిచేస్తుంది, సమయం తగ్గించాలి, మరీ తగ్గిస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఐసు ముక్కలు వేసిన తొట్టిలో సీసాలు పెట్టి చల్లార్చుకోవడమే మార్గం. కలర్ నెగటివ్ కడిగే సీ-41 పద్ధతికి కావలసింది దాదాపు 38 డిగ్రీలు, డెవలపర్లో 3 నిమిషాల 15 సెకన్లు. చలి దేశాల వాళ్లు నీళ్లు కాచుకుని నిలబెట్టుకునే ఆ వేడి మనకి ఎండాకాలంలో దాదాపు ఊరికే దొరుకుతుంది.

డబ్బు లెక్క

డిజిటల్ చవక అన్న మాట అందరికీ నిజం కాదు. లెక్క కోసం ఒక కలర్ రోలు 1,000 రూపాయలు, కడిగి స్కాన్ చేయడానికి 500 అనుకుందాం. 36 ఫ్రేములకి 1,500, అంటే ఫ్రేముకి 40 రూపాయల పైనే. నెలకి రెండు రోళ్లు తీసేవాళ్లకి ఏడాదికి 36,000 అవుతుంది. లెన్సుతో కలిపి 70,000 పెట్టి డిజిటల్ కెమెరా కొంటే రెండేళ్లలో దాని ఖరీదు తేలిపోతుంది. అదే మూడు నెలలకొక రోలు తీసేవాళ్లకి ఏడాదికయ్యేది 6,000. ఆ లెక్కన 70,000 తేలడానికి పదకొండేళ్లు దాటుతుంది, అప్పటికి ఆ డిజిటల్ కెమెరా బ్యాటరీ బజారులో దొరుకుతుందో లేదో. పైగా డిజిటల్‌తో పాటు కంప్యూటరు, డిస్కులు, ఫొటోలు సరిచేసుకునే సాఫ్ట్‌వేర్ అన్నీ వస్తాయి. ఎన్ని తీస్తారన్నదే లెక్కని తేలుస్తుంది. తక్కువ తీసేవాళ్లు డబ్బు ఆదా కోసమే మారుతున్నామని అనుకుంటే అది కుదరదు.

స్టూడియోలు మారిపోయాయి కదా అని చూసి మారడమూ సరైన కారణం కాదు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి వేరే దారి లేకపోయింది. ఒక పెళ్లికి వందల ఫ్రేములు కావాలి, ముహూర్తం అయిపోగానే చూపించాలి, కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేసి ఇవ్వాలి, తాళి కట్టే క్షణంలో రోలు అయిపోయిందని చెప్పడానికి వీల్లేదు. వాళ్లు తమ వృత్తి అడిగినట్టు మారారు. ఆదివారం పొద్దున కృష్ణ ఒడ్డున నడుస్తూ నాలుగు ఫొటోలు తీసుకునే మనిషికి ఆ ఒత్తిళ్లలో ఒక్కటీ లేదు.

సరుకు దొరకడం గురించి మాత్రం నిజంగా ఆలోచించాలి. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్మూ, ఫొటో కాగితమూ తయారు చేసేది. అది మూతపడింది. ఒకప్పుడు మన ఊళ్ల కలర్ ల్యాబుల బోర్డుల మీద కనిపించిన కోనికా పేరు కూడా, ఆ కంపెనీ 2006లో ఫొటో వ్యాపారం నుంచి తప్పుకోవడంతో పోయింది. కోడక్ 2009లో కోడాక్రోమ్ అనే స్లయిడ్ ఫిల్మ్ ఆపేసింది. దాన్ని కడిగే ఆఖరి ల్యాబు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఉండేది, 2010 చివర్లో అదీ ఆపేసింది. ఆ తర్వాత కడగకుండా మిగిలిన కోడాక్రోమ్ రోలు నుంచి రంగుల ఫొటోని తెచ్చే ల్యాబు లేకుండా పోయింది. ఇంకో వైపు, 2012లో ఆగిన ఎక్టాక్రోమ్, కోడక్ వాళ్లదే ఇంకో స్లయిడ్ ఫిల్మ్, 2018లో తిరిగి వచ్చింది. 2024లో పెంటాక్స్ కొత్తగా ఫిల్మ్ కెమెరా విడుదల చేసింది. ఫిల్మ్ చచ్చిపోలేదు. కాకపోతే ఏ రకం ఎన్నాళ్లు దొరుకుతుందో నిర్ణయించేది మనం కాదు. జిల్లాల్లో ఉన్నవాళ్లు రోళ్లని హైదరాబాద్‌కో బెంగళూరుకో చెన్నైకో కొరియర్ చేయాలి. కలర్ కన్నా నలుపు తెలుపు మీద నాకు ధైర్యం ఎక్కువ, ఎందుకంటే దాన్ని కడగడానికి ల్యాబు అక్కర్లేదు.

పాత లెన్సుల మీద ఆశతో డిజిటల్ బాడీ కొనేవాళ్లు కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఏపీఎస్-సి అనే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాల్లో 50 ఎంఎం లెన్సు దాదాపు 75 లాగా పనిచేస్తుంది. గదిలో నలుగురిని తీద్దామంటే వెనక గోడ అడ్డొస్తుంది. రెండోది, లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య ఉండాల్సిన దూరం. కానన్ ఎఫ్‌డీ లెన్సులకి అది 42 మిల్లీమీటర్లు, 1987లో వచ్చిన కానన్ ఈఎఫ్ మౌంటుకి (కెమెరాకి లెన్సు తగిలించే అమరికకి) 44. ఆ రెండు మిల్లీమీటర్ల తేడా వల్ల ఎఫ్‌డీ లెన్సుని కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి తగిలిస్తే దూరంలో ఉన్నదేదీ ఫోకస్ కాదు, మధ్యలో చిన్న గాజు లెన్సు ఉన్న అడాప్టర్ పెడితే తప్ప. మిర్రర్‌లెస్ కెమెరాల్లో, అంటే లోపల అద్దం లేనివాటిలో, ఆ దూరం చాలా తక్కువ, సోనీ 'ఈ' (E) మౌంటుకి 18 మిల్లీమీటర్లే. అందుకే మామూలు అడాప్టర్‌తో పాత లెన్సులు దాదాపు అన్నీ వాటికి పడతాయి. ముందు టార్చి వేసి లెన్సు లోపల చూడండి. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన లెన్సులకి మన తేమలో బూజు పట్టడం మామూలు. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఆ లెన్సు కోసం బాడీ కొనొద్దు.

ముప్పై ఆరు ఫ్రేములు నేర్పేది

రోలులో ముప్పై ఆరే ఉన్నాయని తెలిసిన మనిషి నొక్కేముందు ఆగుతాడు. అంచులు చూస్తాడు, వెనక స్తంభం తల మీంచి మొలుస్తోందా అని చూస్తాడు. తీశాక ఎలా వచ్చిందో వెంటనే తెలియదు కాబట్టి ఎదురుగా ఉన్న మనిషి మీంచి చూపు తిప్పడు. డిజిటల్‌లో తీసిన ప్రతిసారీ కళ్లు కెమెరా వెనక్కి వెళ్తాయి, ఆ అర నిమిషంలో ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. పోర్ట్రెయిట్ తీసేవాళ్లకి ఇది చిన్న నష్టం కాదు. తెర ఆపుకుని, ఫొటోలు సాయంత్రం దాకా చూడకుండా డిజిటల్‌నీ అలా వాడొచ్చు, వాడేవాళ్లున్నారు. కానీ సాధనమే ఆపడం వేరు, మనల్ని మనం ఆపుకోవడం వేరు. ఫిల్మ్ ఉంటేనే శ్రద్ధగా తీయగలుగుతున్నానని ఎవరైనా అంటే, కొనసాగించడానికి ఆ కారణం సరిపోతుందని నేనంటాను. నేర్చుకుంటున్నవాళ్లకి మాత్రం డిజిటలే మేలు. ఎపర్చర్ (లెన్సులో వెలుగు వెళ్లే రంధ్రం) మారిస్తే ఏమవుతుందో అప్పటికప్పుడు కనిపిస్తుంది, తప్పుకి 40 రూపాయలు కట్టక్కర్లేదు.

ఏరుకోవడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, డిజిటల్‌లో పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. ఒక ఊరెళ్లి వస్తే వేల ఫైళ్లు. చూడటానికే ఓపిక ఉండదు, ఇంక ఏరడం ఎక్కడ. ఫిల్మ్‌లో కాంటాక్ట్ షీటు చేతికొచ్చాక పెన్నుతో నాలుగు గుర్తులు పెడితే అయిపోయేది. సల్గాడో డిజిటల్‌కి వెళ్లాక కూడా ఆ అలవాటుని ఎందుకు వదల్లేదో ఇక్కడ అర్థమవుతుంది. దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు. నెలనెలా తీసినవాటిని చిన్న బొమ్మలుగా ఎ4 కాగితం మీద ప్రింటు వేయించి, కాగితం మీద ఎంచుకోండి.

దాచడం

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1905లో చనిపోయారు. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది. వందేళ్ల తర్వాత కూడా వాటిని చూడటానికి వెలుగు చాలు, ఏ యంత్రమూ అక్కర్లేదు. ఫిల్మ్ పక్షాన చెప్పగలిగిన వాదనల్లో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది ఇదే.

అలాగని ఫిల్మ్ దానంతట అదే బతకదు. మన తొలి తరం టాకీల నెగటివ్‌లలో ఎన్నో మిగల్లేదు. ఎసిటేట్ ఫిల్మ్ వేడికి, తేమకి కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. కలర్ నెగటివ్‌లో చివరికి మిగిలేది వెండి కాదు, రంగులు, అవి ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. కోస్తా ఊళ్లలో బూజు జెలటిన్‌నే తింటుంది. మిగిలిన నెగటివ్‌ల వెనక ఎప్పుడూ వాటిని పొడిగా, చల్లగా ఉంచిన మనిషో సంస్థో ఉంటుంది.

డిజిటల్‌కి కావలసిన శ్రద్ధ వేరే రకం. ఆస్కార్ అవార్డులిచ్చే అమెరికా అకాడమీ 2007లో ఒక లెక్క బయటపెట్టింది. సినిమా డిజిటల్ మాస్టర్‌ని (అసలు ప్రతిని) ఏడాది పాటు భద్రపరచడానికి అయ్యే ఖర్చు, ఫిల్మ్ మాస్టర్‌కయ్యే దానికి దాదాపు 11 రెట్లు. డిస్కుల ధరలు ఆ తర్వాత మారాయి, కారణం మారలేదు. ఫిల్మ్ డబ్బాని చల్లటి గదిలో పెట్టి తలుపు మూయొచ్చు. ఫైళ్లని కొన్నేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చాలి, తెరుచుకుంటున్నాయా అని చూడాలి, ఒకటికి మూడు కాపీలు ఉంచాలి. ఎవరూ పట్టించుకోని బీరువాలో నెగటివ్ ముప్పై ఏళ్లు బతకొచ్చు. ఎవరూ పట్టించుకోని హార్డ్ డిస్కు మీద నాకు ఆ నమ్మకం లేదు.

ఒక చోట మాత్రం డిజిటల్‌కి సాటి లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి నీళ్లలో ఆల్బమూ, నెగటివ్ కవరూ, హార్డ్ డిస్కూ ఒకేలా పోతాయి. ఫైలుకి ఏమాత్రం తేడా లేని రెండో కాపీ డాలస్‌లో ఉన్న కూతురింట్లోనో, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి దగ్గరో ఉండొచ్చు. నెగటివ్ ఉండేది ఒక్కటే. అందుకే ఫిల్మ్ కొనసాగించేవాళ్లు కూడా ముఖ్యమైన నెగటివ్‌లని డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. వెనక నుంచి ఏకరీతి వెలుగు పెట్టి, చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు ఉన్న డిజిటల్ కెమెరాతో ఫొటో తీస్తే మంచి కాపీలే వస్తాయి. డిజిటల్‌కి మారినవాళ్లు ఏడాదికి కొన్ని ఫొటోలైనా ఏరి కాగితం మీద ప్రింటు వేయించుకోవాలి.

ఇక నా తీర్పు అడిగితే, ఇంట్లో పిల్లలు పెరుగుతున్నవాళ్లు, నేలపట్టులోనో కొల్లేట్లోనో పక్షులు తీసేవాళ్లు, రాత్రి వేడుకలు తీసేవాళ్లు బెంగ లేకుండా మారిపోవచ్చు. నలుపు తెలుపు సొంతంగా కడుక్కునేవాళ్లు మారనక్కర్లేదు. కలర్ ఫిల్మ్ తీసి స్కాన్లు ఫోన్లో చూసుకునేవాళ్లు, రోళ్ల ఖర్చు బరువనిపించిన రోజున మారితే పెద్దగా పోగొట్టుకునేది ఉండదు. ఎటూ తేల్చుకోలేనివాళ్లు కొన్నాళ్లు రెండు కెమెరాలూ సంచిలో పెట్టుకుని, ఒకే మనిషిని, ఒకే వీధిని రెండింటితోనూ తీసి, ఒకే సైజులో ప్రింట్లు వేయించి పక్కపక్కన పెట్టి చూడాలి. తెర మీద పోల్చడం దండగ.

మారినా ఫిల్మ్ కెమెరాని వెంటనే అమ్మేయకండి. బ్యాటరీ తీసేసి, తోలు కేసులో కాకుండా సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచి, నెలకోసారి షట్టర్ నాలుగైదు సార్లు కొట్టండి. మిగిలిన రోళ్లు గాలి చొరబడని కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు, వాడేముందు కొన్ని గంటలు బయట పెట్టి కవరు అప్పుడు విప్పాలి. విమానంలో వెళ్తుంటే చేతి సంచిలో పెట్టుకుని, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసే సీటీ స్కానర్లో పెట్టొద్దని అడగాలి. అన్నిటికన్నా ముందు, కెమెరాలో సగం తీసి వదిలేసిన రోలు ఉందేమో చూడండి. వెలుగు తగిలిన ఫిల్మ్‌ని కడగకుండా ఉంచితే బొమ్మ ఏటికేడు బలహీనపడుతుంది. ఏ కెమెరా కొనాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ఆ రోలుని వెనక్కి చుట్టి ఈ వారమే ల్యాబుకి పంపండి.